ఓడలు బండ్లు, బండ్లు ఓడలు

పశ్చిమ గోదావరి జిల్లాలో, నరసాపురమునకు చేరువ, గోదావరి ఒడ్డున మాధవాయపాలెమను గ్రామము కలదు. నది దాటి సఖినేటిపల్లికి పోవువారికి ఆ రేవు సుపరిచితమే. ఆ గ్రామనామము ఫ్రెంచి, స్పానిషు నిఘంటువులలో నేటికిని కనిపించునన్నచో పలువురు ఆశ్చర్యపడుదురు. అచ్చట ‘మడపోలం’ అనగా ఊరు కాదు. ఒక విధమగు మెత్తని నూలుగుడ్డ. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు మాధవాయపాలెమున గిడ్డంగి నెలకొల్పి, చుట్టుపట్ల గ్రామముల నేతగాండ్రచే నేయించి కొనిపోయిన వస్త్రమునకు ఆ ఊరి పేరే పేరైనది. కాలక్రమమున అదే పేరుతో ఇంగ్లండు మిల్లులు యంత్రములపై గుడ్డ నేసి దేశదేశములకు పంపినవి. తుదకు ఆ మిల్లుగుడ్డయే మన బజారులకును దిగినది. పేరు మనది, సరకు వారిది, లాభమును వారిదే.

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునని మన పెద్దలందురు. విదేశవ్యాపారము విషయమున ఇంతకంటె నిజమగు మాట లేదు. ఐనను ఈ మాటతో తృప్తిపడి ఊరకుండుట చరిత్ర చదువువారికి తగదు. ఓడ ఎట్లు బండియైనది? బండి ఎట్లు ఓడయైనది? ఆ మార్పులో మునిగినవారెవరు, తేలినవారెవరు? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఇదియే.

విదేశవ్యాపారము వలన దేశమునకు మేలా, కీడా యని ప్రశ్నించుట పరిపాటి. ఆ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పుట సాధ్యము కాదు. ఏలయన, దేశము ఒక్క కుటుంబము వంటిది కాదు. అందు పండించువాడొకడు, వడకునది యొకతె, నేయువాడొకడు, అమ్మువాడొకడు, కొని కట్టుకొనువాడు మరియొకడు. ఒకే ఓడ ఒకరి ఇంటికి ధాన్యమును, వేరొకరి ఇంటికి పస్తును తేగలదు. ఎవరికి లాభము, ఎవరికి నష్టము అనునది చాలవరకు బజారు నిర్ణయించును. కాని నష్టపడినవానిని ఆదుకొందురా, లేదా అనునది బజారు చేతిలో లేదు. అది శాసనములు చేయువారి చేతిలోనిది. మన తీరపు వస్త్రవ్యాపారచరిత్ర మూడు శతాబ్దములుగా ఈ విషయమునే నిరూపించుచున్నదని మా అభిప్రాయము.

పదునేడవ శతాబ్ది ఆరంభమున మచిలీపట్నము గోలకొండ సుల్తానుల ముఖ్యమగు రేవు. పారశీకము మొదలు సుమత్రా, జావా వరకు గల దేశముల వర్తకులు అచ్చట కలిసికొనుచుండిరి. 1605లో డచ్చివారు, 1611లో ‘గ్లోబు’ అను ఓడపై ఆంగ్లేయులును అచ్చటికి వచ్చిరి. వారు మొదట కోరినది మన గుడ్డలను కాదు. తూర్పుదీవుల మిరియములను, లవంగములను, జాజికాయను. కాని ఆ దీవులవారికి ఐరోపా కంబళ్లతో పనిలేదు. వారడిగినది తెలుగు తీరపు నూలువస్త్రము. కనుక ఐరోపావారు వెండి తెచ్చి ఇచ్చట గుడ్డ కొని, ఆ గుడ్డను దీవులలో సుగంధద్రవ్యములకు మార్చి, వానిని స్వదేశమున అమ్మి లాభమందుచుండిరి. పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్నములలో డచ్చివారు, ఇంజరము, మాధవాయపాలెములలో ఆంగ్లేయులు, యానాములో ఫ్రెంచివారు స్థావరములు ఏర్పరచుకొనిరి. డచ్చివారు తెలంగాణపు లోనాడునకు చొచ్చుకొనిపోయి నాగులవంచ యందు కూడ గిడ్డంగి పెట్టిరి.

ఇంతమంది వెంటబడి కొనుటకు కారణము ఆ గుడ్డలోని రంగు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండబెట్టినచో, కలముతో గీసిన గీత చెదరక నిలుచును. పాత ఇనుపముక్కలను బెల్లపునీట ఊరబెట్టిన కషాయము నల్లనిరంగు నిచ్చును. ఎరుపు రావలసినచోట పటికనీరు పూసి, చిరివేరుతో ఉడికింతురు. సముద్రతీరమున గుల్లలు కలిసిన ఇసుకనేలలో పెరిగిన చిరివేరు మిక్కిలి మేలిమియని ప్రతీతి. నిజాంపట్టణము వైపున దొరకు వేరు అందులకు పేరుపొందినది. నీలిరంగు పడరానిచోట మైనము పూసి, గుడ్డను నీలితొట్టిలో ముంతురు. పిదప కాలువలలో ఉతికి, ఎండలో ఆరవేయుదురు. ఉతికినకొలది ఈ రంగు వెలవెలబోక కళకళలాడును. నాటి ఐరోపాలో నూలుగుడ్డపై ఇట్టి చెదరని రంగులు వేయు నేర్పు ఎవరికిని లేదు.

ఈ వ్యాపారమున మన దేశమున లాభపడినవారు పెక్కుమంది. సాలెలు, దేవాంగులు, కైకోలవారు, అద్దకపు పనివారు, చాకళ్లు, నీలి పండించు రైతులు, ప్రత్తి మోసికొని ఎద్దులమందలతో దక్కను పీఠభూమి నుండి దిగివచ్చు లంబాడీలు, కంపెనీలకు సరకు సమకూర్చు కోమట్లు, దుబాసీలు—అందరును ఆ వెండిలో పాలు పొందిరి. పాలు సమానమని మేము చెప్పము. నేతగానికి బయానా ఇచ్చిన వర్తకుడు, నేతగాని కంటె అధికముగనే గడించెను. కాని కొనువారు పలువురున్నందున నేతగానికి కొంత స్వాతంత్ర్యముండెను. డచ్చివారు ధర తగ్గించినచో ఆంగ్లేయులకు, వారును తగ్గించినచో ఫ్రెంచివారికి, లేక స్వదేశపు వర్తకులకు అమ్ముకొనవచ్చును. బయానా సొమ్ము తిరిగి చెల్లించి ఒడంబడికను రద్దుచేసికొనుటయు అలవాటే.

ఈ కథలో నష్టపడినవారు అప్పటికే ఉండిరి. వారు మన కంటికి కనబడనంత దూరమున నుండిరి. తెలుగు, తమిళ తీరములలో నేసిన నీలిగుడ్డలను ‘గినీ గుడ్డలు’ అనుచుండిరి. ఐరోపావారు వానిని ఆఫ్రికా పశ్చిమతీరమునకు కొనిపోయి, వానినిచ్చి మనుష్యులను కొని, అమెరికా తోటలకు బానిసలుగా తరలించిరి. గోదావరి తీరమున మగ్గముపై కూర్చున్న నేతగానికి ఈ సంగతి తెలియదు. తన గుడ్డ ఎవరి సంకెలకు వెలయైనదో ఎరుగకయే అతడు నేసెను. వ్యాపారము కలుపు తీరు ఇట్టిది. ఒక కొసనున్నవాని లాభము, మరియొక కొసనున్నవాని దుఃఖము, ఒకరి కొకరు తెలియకయే ముడిపడియుండును.

ఇక ఇంగ్లండుకు వత్తము. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున మన అద్దకపు గుడ్డలు అచ్చటికి పెద్దయెత్తున దిగుమతియైనవి. అంతవరకు అచ్చటివారి దుస్తులు ఉన్ని, అవిసెనార, పట్టు. ఉన్ని బరువు, పట్టు ప్రియము. మన నూలుగుడ్డ తేలికైనది, చవుకైనది, ఉతికిన కొలది వన్నెగలది. ప్రభువుల ఇండ్లలో తెరలుగా, దుప్పట్లుగా మొదలిడి, తుదకు పనికత్తెల గౌనుల వరకు వ్యాపించినది. జన్మలో మొదటిసారి రంగుల పూలగుడ్డ కట్టుకొనగలిగిన ఆ పనికత్తెయు ఈ వ్యాపారమున గెలిచినవారిలో నొకతె యని మనము మరువరాదు.

ఓడినవారు లండను నగరమున స్పిటల్‌ఫీల్డ్సు పేటలోని పట్టునేతగాండ్రు, దేశమంతట గల ఉన్ని నేతగాండ్రు. 1697లో లండను నేతగాండ్రు గుంపులుగా పార్లమెంటుపైకి, ఈస్టిండియా కంపెనీ భవనముపైకి పోయి అల్లరి చేసిరి. 1700లో పార్లమెంటువారు పారశీక, చీనా, హిందూదేశముల అద్దకపు గుడ్డలు ఇంగ్లండున ధరింపరాదని శాసించిరి. వానిని దిగుమతిచేసి ఇతరదేశములకు తిరిగి అమ్ముటకు మాత్రము అనుమతి నిచ్చిరి. తెల్లగుడ్డలకు నిషేధము లేదు. లండను అద్దకపువారు ఆ తెల్లగుడ్డపై తామే రంగులద్దసాగిరి. అందుచేత నేతగాండ్ర బాధ తీరలేదు. 1719లో వారు మరల వీధులకెక్కిరి. నూలుగౌను ధరించిన స్త్రీలు కనబడినచో పట్టుకొని చింపిరి. గౌనులపై సిరా పోసిరి, ఆమ్లములు చల్లిరి. 1721లో మరియొక శాసనము వచ్చినది. దాని ప్రకారము, కొలది మినహాయింపులు తప్ప, అద్దకపు నూలుగుడ్డ ఎచ్చట అద్దినదైనను సరే, దుస్తులకుగాని ఇంటిసామగ్రికిగాని వాడుట నేరము. ఫ్రాన్సు 1686లోనే ఇట్టి నిషేధము విధించి, 1759 వరకు నడపినది.

ఇచ్చట మనము ఒక్క క్షణమాగవలెను. లండను నేతగాండ్రు బీదలు. వారికి ఓటుహక్కు లేదు. ఐనను పార్లమెంటు వారి మొర ఎట్లు వినెను? వారి వెనుక ఉన్ని వ్యాపారులును, గొఱ్ఱెలమందలు గల భూస్వాములును నిలిచియుండుట చేత వినెను. ఉన్ని ధర పడిపోయినచో భూస్వామి శిస్తు పడిపోవును. నాటి పార్లమెంటులో కూర్చున్నవారు ఆ భూస్వాములే. బీదవాని నష్టము, బలవంతుని నష్టము ఒకటైనప్పుడు శాసనము త్వరగా పుట్టును. ఈ సూత్రమును మనము జ్ఞప్తియందుంచుకొన్నచో తరువాతి కథ సులభముగా బోధపడును.

1721 నాటి శాసనము మన వ్యాపారమును చంపలేదు. తెల్లగుడ్డలు, సన్ననూలు గుడ్డలు ఇంగ్లండుకు పోవుచునే యుండెను. అద్దకపు గుడ్డలు ఇతరదేశములకు పోవుచుండెను. అసలు దెబ్బ వేరొక దిక్కు నుండి వచ్చినది. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి నుండి మచిలీపట్నమును గైకొనిరి. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా వలనను, 1766లో నిజాముతో చేసికొన్న సంధి వలనను ఉత్తరసర్కారులు వారి వశమైనవి. గుంటూరు 1788లో చేరినది. అంతవరకు కంపెనీ కొనువారిలో ఒకటి మాత్రమే. ఇప్పుడది ప్రభువు కూడ అయ్యెను. ధర చెప్పువాడును, పన్ను వసూలు చేయువాడును, తగవు తీర్చువాడును ఒక్కడే యైనప్పుడు నేతగాడు ఎవరికి చెప్పుకొనును? కంచె చేను మేసినట్లైనది. కంపెనీ గుమాస్తాలు బయానాలను బలవంతముగా అంటగట్టిరి. ఇతరులకు నేయకుండ మగ్గముల యొద్ద కావలి యుంచిరి. గుడ్డ నాణ్యము చాలదని ధర కోసిరి. గోదావరి ప్రాంతపు నేతగాండ్రు సహింపలేక 1798లో తిరుగబడిరి. తమ బాధలను అర్జీలుగా వ్రాసి సమర్పించిరి. కంపెనీవారు ఆ అర్జీలను దస్త్రములలో భద్రపరచిరి. వానిని నేటి చరిత్రకారులు చదువుచున్నారు. నాడు శ్రద్ధగా చదివినవారు లేకపోయిరి.

ఇదే కాలమున ఇంగ్లండులో యంత్రములు పుట్టుచుండెను. 1733లో జాన్ కే ఎగురునాడెను, 1764 ప్రాంతమున హార్‌గ్రీవ్స్ అనేక కదురుల రాట్నమును, 1769లో ఆర్క్‌రైటు నీటిబలముతో నడచు వడకుయంత్రమును, 1779లో క్రాంప్టను సన్ననూలు వడకు యంత్రమును, 1785లో కార్టురైటు మరమగ్గమును నిర్మించిరి. ఈ యంత్రములకు పునాది వేసినది ఒకవిధముగా మన గుడ్డయే. నూలుగుడ్డపై ఇంగ్లండు ప్రజలకు కోరికను పుట్టించినది అది. దానిని నిషేధించుటచే స్వదేశమున నూలుపరిశ్రమకు చాటు దొరకినది. 1774లో, ఆర్క్‌రైటు మొదలగువారి కోరికపై, ఇంగ్లండులో తయారైన నూలుగుడ్డలపై నిషేధమును పార్లమెంటు తొలగించినది. పోటీకి తాళగల బలము తమకు వచ్చిన పిదపనే తలుపు తెరచిరన్నమాట. మిల్లులకు వలయు ప్రత్తి అమెరికా దక్షిణ రాష్ట్రములలో నీగ్రో బానిసల చెమటచే పండెను.

1813లో హిందూదేశవ్యాపారముపై కంపెనీకి గల గుత్తాధికారము రద్దైనది. లాంకషైరు మిల్లుల సరకు మన రేవులలో స్వల్పమగు సుంకముపై దిగసాగినది. మన గుడ్డలపై ఇంగ్లండున విధించిన సుంకము నూటికి 70, 80 వంతుల వరకు ఉండెనని చరిత్రకారుడు హెచ్. హెచ్. విల్సన్ వ్రాసెను. ఆ సుంకములే లేకున్నచో మాంచెస్టరు మిల్లులు మొదటనే నిలిచిపోయెడివని ఆంగ్లేయుడైన ఆయనయే అభిప్రాయపడెను. ఆ మాటలో కొంత అతిశయోక్తి యుండవచ్చును. యంత్రము ఎట్లును గెలిచెడిదే. కాని ఒక ద్వారము తెరచి, ఒక ద్వారము మూసి జరిపిన పందెమును స్వేచ్ఛావ్యాపారమనుట న్యాయము కాదు. దీనికి తోడు చెన్నపట్నపు రాజధానిలో మగ్గములపై మొతర్ఫా యను పన్ను కూడ ఉండెను. గోరుచుట్టుపై రోకటిపోటు.

ఫలితము గోదావరి తీరమున తీవ్రముగా కనిపించినది. కంపెనీవారు గుడ్డలు కొనుట మానిరి. 1833 నాటి శాసనముతో వారి వర్తకమే ముగిసినది. గిడ్డంగులు మూతబడినవి. అదే సమయమున 1832–33లో నందన కరువు వచ్చినది. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలుండగా, 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగినది. ఇందు కరువు పాలు, వలసల పాలు, వ్యాపారనాశనపు పాలు ఎంతెంతయో విడదీయుట కష్టము. 1844లో ఆ జిల్లా దుస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ, నేతపరిశ్రమ నాశనమును కూడ కారణములలో నొకటిగా గుర్తించెను.

అందరికంటె ముందు, అందరికంటె నిశ్శబ్దముగా ఓడినవారు వడకు స్త్రీలు. నేతగానికి కులసంఘముండెను, పెద్దలుండిరి, అర్జీ వ్రాయు కరణముండెను. ఇంట కూర్చుండి రాట్నము త్రిప్పుకొని పొట్టపోసికొను వితంతువునకు, ముదుసలికి ఇవి యేవియు లేవు. మిల్లునూలు వచ్చినదినముననే ఆమె నూలుకు గిరాకి పడిపోయినది. ఆమె తిరుగబడలేదు, అర్జీ పెట్టలేదు. దస్త్రములలో ఆమె జాడ మిక్కిలి అరుదు.

సత్యము చెప్పవలసినచో రెండవ పక్షమును కూడ చెప్పవలెను. నేత పూర్తిగా నశింపలేదు. అనేకులు చవుకగా దొరకు మిల్లునూలునే కొని మగ్గముపై చీరెలు, పంచెలు నేసి బ్రదికిరి. వడకు స్త్రీ ఓటమియే నేతగానికి కొంత ఊరటయైనది. ఇంకొక సంగతి. గుడ్డ ధర పడిపోయినందున, కొనువారికి లాభము కలిగెను. కూలివాడు మునుపు ఒక పంచె కొను సొమ్ముతో ఇప్పుడు అంతకంటె ఎక్కువ గుడ్డ కొనగలిగెను. ఈ లాభము లక్షలమందికి కొంచెము కొంచెముగా చేరినది. నష్టము కొన్నివేలమందిపై కొండవలె పడినది. కొంచెము లాభపడినవాడు దానిని గుర్తింపడు. కొండ మీదపడినవాడు జీవితమున మరువడు. లెక్కలలో రెండును సరిపోయినట్లు కనిపించినను, మనుష్యుల బ్రదుకులలో సరిపోవు.

ఇది ఆంగ్లేయులు గెలిచి తెలుగువారు ఓడిన కథయని మాత్రమే తలచినచో పొరపాటు. 1820 ప్రాంతమున ఇంగ్లండు, స్కాట్లండులలో రెండులక్షలకు పైగా చేతిమగ్గపు నేతగాండ్రుండిరి. మరమగ్గములు వ్యాపించినకొలది వారి కూలి పడిపోయినది. వారును పార్లమెంటుకు అర్జీలు పంపిరి. 1834–35లలో విచారణసంఘము వారి బాధలను విన్నది. కనీసపు కూలి నిర్ణయింపవలెనని జాన్ మాక్స్‌వెల్ 1835లో ప్రతిపాదించిన బిల్లును పార్లమెంటు తిరస్కరించినది. ఇరువది, ముప్పది సంవత్సరములలో వారు దాదాపు అంతరించిరి. 1721లో నేతగాండ్ర మొర విన్న పార్లమెంటు 1835లో ఏల వినలేదు? ఈసారి వారి వెనుక గొఱ్ఱెలు గల భూస్వాములు లేరు. వారికెదురుగా మిల్లుల యజమానులుండిరి. గోదావరి నేతగాండ్రకు విన్నవించుకొనుటకు పార్లమెంటే లేదు. బ్లాక్‌బర్ను నేతగాడు, పెద్దాపురపు నేతగాడు ఒకరినొకరు ఎరుగరు. ఐనను ఒకే యంత్రము క్రింద నలిగినవారు.

ఈ కాలముననే ఇంగ్లండున అర్థశాస్త్రమునకు పునాదులు పడుచుండెను. 1817లో డేవిడ్ రికార్డో తన గ్రంథమున ఒక ఉదాహరణ చూపెను. కొంత గుడ్డ నేయుటకు ఇంగ్లండున 100 మంది, పోర్చుగలున 90 మంది ఒక సంవత్సరము పనిచేయవలెననుకొనుడు. కొంత ద్రాక్షసారా చేయుటకు ఇంగ్లండున 120 మంది, పోర్చుగలున 80 మంది కావలెను. రెండుపనులలోను పోర్చుగలే నేర్పుగలది. ఐనను పోర్చుగలు సారా చేసి, ఇంగ్లండు గుడ్డ నేసి మార్చుకొన్నచో ఉభయులకును లాభమే. ఈ తర్కమున దోషము లేదు. కాని సారా తోటలకు తావిచ్చుటకు మగ్గము మానిన పోర్చుగలు నేతగాడు ఏమైనాడను ప్రశ్నకు ఈ లెక్కలో సమాధానము లేదు. రికార్డో కూడ 1821లో తన గ్రంథపు మూడవ ముద్రణమున యంత్రములను గూర్చి ఒక ప్రకరణము చేర్చి, యంత్రముల వలన కూలివారికి హాని కలుగవచ్చునని ఒప్పుకొనెను. తన పూర్వాభిప్రాయమును అచ్చులో మార్చుకొనుట పండితులలో సామాన్యము కాదు.

గోదావరి జిల్లా కథ అంతటితో ముగియలేదు. మాంట్‌గోమరీ విచారణయు, ఆర్థరు కాటను కృషియు కలసి ధవళేశ్వరము ఆనకట్టకు దారితీసినవి. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసినది. కాలువలు పారినవి, వరి పండినది, ధాన్యము కాకినాడ రేవు నుండి ఎగుమతియైనది. ఒక తరమున గుడ్డల వ్యాపారముచే చితికిన జిల్లా, మరుసటి తరమున ధాన్యపు వ్యాపారముచే తేరుకొన్నది. జిల్లాను ఒక్కటిగా చూచినచో నష్టము తీరినదనవచ్చును. కాని కాలువక్రింద భూమిగలవాడు వేరు, మగ్గము పోగొట్టుకొన్నవాడు వేరు. రెండవవానికి ఎకరము పొలము లేదు. తెలుగు తీరపు బీదలు వేలకొలదిగా ఓడలెక్కి బర్మాకు పోయి, రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలిచేసిరి. వారిని ఆ దేశమున కోరంగీలని పిలిచిరి. కోరంగి మన తీరపు పాతరేవు. మాధవాయపాలెము పేరు గుడ్డకంటినట్లే, కోరంగి పేరు కూలివాని కంటినది.

బండ్లు మరల ఓడలగు కాలమును వచ్చినది. 1913లో ఇంగ్లండు నుండి సుమారు 700 కోట్ల గజముల నూలుగుడ్డ ఎగుమతి కాగా, అందు సుమారు 300 కోట్ల గజములు ఒక్క హిందూదేశమునకే వచ్చెను. మన దేశపు మిల్లులు పైకి రాకుండ 1896 నుండి వాని గుడ్డపై నూటికి మూడున్నర వంతుల ఎక్సైజు పన్ను కూడ ఉండెను. అది 1926 నాటికి గాని తొలగిపోలేదు. పిదప స్వదేశపు మిల్లులు, జపాను పోటీ, దిగుమతి సుంకములు, విదేశవస్త్రబహిష్కారము ఒక్కుమ్మడిగా లాంకషైరును తాకినవి. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసుసంఘము ఇరువదిలక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించిన సంగతి మన పెద్దలు తరచు చెప్పుకొనుచుండిరి. 1938 నాటికి ఇంగ్లండు నూలుగుడ్డల ఎగుమతి మొత్తము 150 కోట్ల గజములకు లోపే. బ్లాక్‌బర్ను, డార్వెను పట్టణములలో మిల్లులు మూతపడినవి; పనివారు వీధిన పడిరి.

1931 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు రౌండుటేబులు సమావేశమునకు లండను వెళ్లినప్పుడు, లాంకషైరు మిల్లుపనివారిని చూచుటకు కూడ పోయెను. తమ పని పోవుటకు ఆయన ఉద్యమము కూడ కారణమని వారెరుగుదురు. ఐనను స్త్రీలు, పురుషులు చుట్టుమూగి హర్షధ్వానములు చేసిన ఛాయాచిత్రము నేటికిని చూడవచ్చును. ఆయన వారి కష్టమును తేలికచేసి మాటలాడలేదు. తన దేశపు గ్రామములలోని బీదతనము అంతకంటె మిక్కుటమని మాత్రము వారికి తెలిపెను. ఓడినవారు ఓడినవారిని కలిసికొనిన ఆ సన్నివేశము, వ్యాపారచరిత్రలో మిక్కిలి అరుదైనది. నూరేండ్ల క్రిందట పెద్దాపురపు నేతగాని చూచుటకు లాంకషైరు నుండి ఎవ్వరును రాలేదు.

ఈ సుదీర్ఘకథ వలన మనము గ్రహింపవలసినదేమి? వ్యాపారమును ఆపివేసినచో అందరును సుఖింతురని మేము చెప్పము. మచిలీపట్నపు రేవు మూసియుండినచో మన అద్దకపు పని ప్రపంచము మెచ్చుకొను స్థితికి వచ్చియుండదు. చవుకబట్ట కట్టుకొన్న కూలివాని సుఖమును కూడ కాదనుటకు వీలులేదు. మేము చెప్పునది వేరు. వ్యాపారము మొత్తము మీద సంపదను పెంచునను మాట నిజమైనచో, గెలిచినవారి వద్ద ఓడినవారిని ఆదుకొనుటకు చాలినంత సొమ్ము మిగులవలెను. ఆ సొమ్ము తనంతట నడచి ఓడినవాని యింటికి పోదు. దానిని పంపుటకు శాసనము కావలెను. ఆ శాసనము పుట్టుటకు ఓడినవాని గొంతు సభలలో వినబడవలెను.

ఇరువదవ శతాబ్దిలో ఈ న్యాయమును కొంతవరకు రాజ్యములు గుర్తించినవి. 1962లో అమెరికా ప్రభుత్వము విదేశవ్యాపారశాసనములో, దిగుమతుల వలన పనిపోయిన కార్మికులకు భృతియు, క్రొత్తపనిలో శిక్షణయు ఇచ్చు నియమము చేర్చినది. మన పార్లమెంటు 1985లో కొన్నిరకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించుచు శాసనము చేసినది. ఇవి చాలినవియని గాని, చక్కగా అమలు జరిగినవని గాని మేము అనము. శాసనములో ‘చేనేత’ యని వ్రాసిన చీరెను మరమగ్గముపై నేసి అమ్మువారిని మనము బజారున చూచుచునే యున్నాము. ఐనను నేతగాడు నష్టపడుట అతని కర్మమని సరిపుచ్చుకొను కాలము గడచినది.

నేడు రేడియోలో వార్తలు వినునప్పుడు ఫలానాదేశముతో వ్యాపారపు ఒడంబడిక కుదిరినదనియు, దాని వలన దేశమునకు ఇన్నికోట్ల లాభమనియు చెప్పుట వినుచుందుము. ఆ కోట్లు నిజమే కావచ్చును. ఆ వార్త విన్నప్పుడెల్ల, ఈ ఒడంబడిక వలన మగ్గము దిగిపోవువాడెవడు, వానికి ఏమి ఏర్పాటు చేసిరి అని మన ఇంట పిల్లలతో పెద్దలు ఒకమారు ప్రశ్నించుకొన్నచో మంచిది. 1798 నాటి గోదావరి నేతగాండ్ర అర్జీలు ఆ ప్రశ్ననే అడిగినవి. వానికి బదులు ఇంకను రావలసియే యున్నది.